పాలెంలో చల్లగది

తెనాలిలో నేను తెలుగు చెప్పిన ప్రైవేటు జూనియర్ కాలేజీ మూతపడ్డాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. సంస్థ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. కాలవ పక్కన ఎరువుల కొట్టు, దాని మీద రెండు గదులు. మెట్లెక్కుతుంటే యూరియా వాసన. పైన ఒక పొడుగాటి బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి నిజాంపట్నం తీరం మ్యాపు. దాన్ని నడిపే ఆయన బాపట్లలో చాలాకాలం వ్యవసాయ శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఉప్పు తేలిన పొలాల్లో వరి ఎలా పండించాలా అన్నదే ఆయన ఉద్యోగకాలమంతా పట్టుకున్న పని. రిటైరయ్యాక పొలాలు దాటి ఇంకా ముందుకి, సముద్రం దాకా వెళ్ళారు. అందరూ మాస్టారనేవాళ్ళు. నేనూ అంతే.

నా పని అనువాదం. పైనుంచి వచ్చే ఇంగ్లీషు కాగితాలు తెలుగు చెయ్యాలి, ఊళ్ళలో జనం చెప్పేది ఇంగ్లీషు చెయ్యాలి. చేరిన కొత్తలోనే ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఏ పేజీ తిప్పినా 'సివిల్ సొసైటీ' అని ఉంది. పౌర సమాజం అని రాసి మాస్టారికి చూపించాను.

"పాలెంలో చదివి వినిపిస్తే ఇది ఎవరికైనా అర్థమవుతుందా అమ్మా?" అన్నారు.

"మరేం రాయమంటారండి?"

ఆయన కాసేపు కిటికీలోంచి కాలవ చూశారు. "ప్రభుత్వం కాదు, కంపెనీ కాదు. ఆ రెండూ పోను మిగిలినవాళ్ళు" అన్నారు. అలా రాయడానికి నాకు చెయ్యాడలేదు. పౌర సమాజమే ఉంచేశాను.

అప్పట్లో మన దేశానికీ ఎక్కడో చలిదేశానికీ మధ్య వాతావరణం గురించీ కరెంటు గురించీ ఒక ఒప్పందం నడుస్తోంది. బొగ్గు తగ్గించాలి, ఎండతో కరెంటు చేసుకోవాలి, తీరంలో ఉన్నవాళ్ళని తుఫానుల నుంచి కాపాడుకోవాలి, ఇవీ అందులో మాటలు. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుంటే సరిపోదు, జనం తరఫున కూడా ఎవరో ఉండాలి అని అందులోనే రాసుకున్నారు. ఆ ఎవరోలో ఢిల్లీలో ఒక పెద్ద సంస్థ, దాని కింద ఎరువుల కొట్టు మీద మేమూ ఉన్నాం.

మాకు వచ్చిన పని ఒక చల్లగది. అడవులదీవి దాటి ఇంకా సముద్రం వైపు పోతే బెస్తవాళ్ళ పాలెం ఒకటి ఉంది. మగవాళ్ళు వేటకి వెళ్తారు. తెచ్చిన చేపని అమ్ముకోవడం, మిగిలింది ఇసుకలో ఎండబెట్టుకోవడం ఆడవాళ్ళ పని. ఆ ఎండబెట్టే పనే కొన్నేళ్ళుగా సాగడం లేదు. మాఘమాసంలో వాన పడుతుంది. నెత్తళ్ళ లాంటి చిన్నచేపలు సగం ఎండేసరికి మబ్బు కమ్ముతుంది. వేసవిలో మళ్ళీ వేడి ఎంతంటే గంపలో చేప రేపల్లె చేరేలోపే మెత్తబడిపోతుంది. ఐసు రేపల్లె నుంచి ఒక బండి మీద వచ్చేది. ఐసు తెచ్చేవాడే చేప కొనేవాడు, అందుకని రేటు అతను చెప్పిందే రేటు. ఎండతో నడిచే చల్లగది ఒకటి పాలెంలోనే ఉంటే, చేపని దాచుకుని మంచి బేరం వచ్చినప్పుడు అమ్ముకోవచ్చన్నది ఆలోచన. మంచి ఆలోచనే. ఇవాళ కూడా కాదనను.

మొదటి మీటింగు తుఫాను షెల్టర్లో పెట్టాం. ఆడవాళ్ళు గోడ వారగా కింద కూర్చున్నారు. మాస్టారు కుర్చీ వద్దని తనూ కిందే కూర్చున్నారు. నేను కాగితం చదువుతుంటే ఒకావిడ లేచి నిలబడింది. నాకన్నా కొంచెం పెద్దది. ఎండకి కమిలిన మొహం, పెద్ద గొంతు. పాలెంలో వేలంపాట జరిగితే ఆ గొంతే ముందు వినపడుతుందని తర్వాత తెలిసింది. అప్పట్నించీ ఆవిణ్ణి నేను అక్కా అనే పిలిచాను.

"అమ్మా, మీరు చదివిందాంట్లో పౌర సమాజం అన్నారు. ఆళ్ళెవరు?" అంది.

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన నవ్వి, "మనమేనమ్మా" అన్నారు.

"మేం కూడానా?"

"మీరు లేకపోతే నేనెవర్ని?"

అక్క కూర్చుంది. పక్కావిడతో ఏదో అంది. గోడ పొడుగునా నవ్వులు వినపడ్డాయి. ఆ నవ్వుతోనే వాళ్ళు ఒప్పుకున్నారని నాకు అనిపించింది.

తర్వాత నెలలన్నీ మాస్టారు ఒక్క విషయం మీద పోట్లాడారు. గది తాళం ఎవరి దగ్గర ఉండాలి? ఢిల్లీ వాళ్ళు తాళం మా సంస్థ దగ్గర ఉండాలన్నారు. యంత్రం బిగించే కంపెనీ వాళ్ళు తమ మనిషి దగ్గర ఉండాలన్నారు. మాస్టారు మాత్రం పాలెం ఆడవాళ్ళ దగ్గరే ఉండాలని పట్టుబట్టారు. ఫోన్లో ఆయన గొంతు అంతగా లేవడం నేను ముందెప్పుడూ వినలేదు. "తాళం ఇవ్వనప్పుడు గది వాళ్ళదని ఎందుకు చెప్పడమండీ?" అనేవారు. చివరికి ఆయన మాటే నెగ్గింది. తెల్లగోడల గది లేచింది, కప్పు మీద నల్ల పలకలు పరుచుకున్నాయి, తాళంచెవి అక్క చీర చెంగు ముడిలోకి చేరింది. మాలాంటి చిన్నవాళ్ళు ఆ పెద్ద ఒప్పందంలో ఏం చేశారని ఎవరైనా అడిగితే, నేను ఇదే చెప్తాను.

గది తెరిచిన కొన్నాళ్ళకి రెండు దేశాల వాళ్ళూ కలిసి బాపట్ల వచ్చారు. సూర్యలంక దగ్గర ఒక రిసార్టు హాల్లో సమావేశం. అద్దాల తలుపులు, వణికించే ఏసీ. అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని మాతోపాటు వచ్చారు. గుండ్రటి బల్లల మీద ఎవరి ముందు వాళ్ళ పేరు రాసిన అట్టముక్క ఉంది. అక్క ముందున్న అట్ట మీద పేరు లేదు.

"నా ముందు ఏంటి రాశారు?" అని అక్క నా చెవిలో అడిగింది.

"సివిల్ సొసైటీ అని, అక్కా."

ఆవిడ ఆ అట్టని కాస్త జరిపి, సరిగ్గా తన ఎదురుగా పెట్టుకుంది.

ఆ రోజు చాలామంది మాట్లాడారు. నేను విన్నది విన్నట్టే అక్కావాళ్ళకి తెలుగులో చెబుతూ కూర్చున్నాను. చలిదేశం తరఫున ఈ పనంతా చూసే అధికారిణి కూడా మాట్లాడింది. ముప్పై అయిదు దాటవు. అంతకుముందు రోజే పాలెం వచ్చి, ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగి, అక్క ఇంట్లో కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా పులుసు మొత్తం తినేసిన పిల్ల. పాలెం ఆడవాళ్ళకి ఆమె నచ్చింది. నాకూ నచ్చింది.

చివర్లో మైకు అక్కకి ఇచ్చారు. అక్క లేచి, మైకుని దూరంగా పట్టుకుని, హాలంతా చూసింది.

"గది బాగుంది. మీకు దండాలు. నాది ఒకటే మాట. మీరంతా మీ ఊళ్ళకి పోతారు. మాస్టారు పెద్దాయన. రేపు ఇది ఆగిపోతే మేం ఎవర్ని అడగాల?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. అధికారిణి లేచి, చాలా మంచి ప్రశ్న అని, ఈ భాగస్వామ్యానికి పునాది స్థానిక పౌర సమాజమేనని, వాళ్ళు ఎప్పుడూ మీ పక్కనే ఉంటారని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అది తెలుగు చేసి అక్కకి చెప్పాను.

అక్క మా ఇద్దర్నీ చూసింది. "అంటే మిమ్మల్నేగా?"

"అవునమ్మా" అన్నారు మాస్టారు.

ఆ ఏడాది గది బ్రహ్మాండంగా నడిచింది. ఐసు బండి అతను మొదట్లో వచ్చి, చేపలు లేవంటే వెనక్కి వెళ్ళేవాడు. తర్వాత రావడం మానేశాడు. వంజరం చేప, టైగర్ రొయ్య, పీతలు, దేనికదే ట్రేల్లో సర్ది పెట్టుకునేవాళ్ళు. రేపల్లె, చీరాల నుంచి బేరగాళ్ళే పాలెం వచ్చేవాళ్ళు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అక్క గది గుమ్మంలో చాప వేసుకుని పడుకుని ఉంది. లోపల్నించి వచ్చే చల్లగాలి తగులుతోంది. "రా చెల్లెమ్మా, మా ఏసీలో కూకో" అంది. ఇద్దరం అలా పడుకుని ఏవేవో మాట్లాడుకున్నాం. ఆవిడ మొగుడు వేటలో పోయిన సంగతి, పెద్దకొడుకు బోటు మీద పనికి వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేకపోవడం, అవన్నీ అప్పుడే చెప్పింది.

తర్వాత ఆ చలిదేశంలో ప్రభుత్వం మారింది. ఎక్కడో ఎన్నికలు జరిగాయని పేపర్లో చూసి పేజీ తిప్పేశాను. దానికీ అడవులదీవి అవతల పాలేనికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

ఒక రోజు పొద్దున ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది, అత్యవసరంగా వీడియో మీటింగు ఉందని. మాస్టారు, నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఒక గడిలో ఢిల్లీ సంస్థ పెద్ద, ఇంకో గడిలో ఆ అధికారిణి. ఆమె జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. తమ ప్రభుత్వ ప్రాధాన్యాలు మారాయని, ఒప్పందంలో తమ భాగం ఈ నెలతో ముగుస్తుందని, నిర్వహణకి, మరమ్మతులకి, శిక్షణకి ఇక ఏమీ ఉండదని ఆమె చదివింది. చదివింది అనే అంటున్నాను, కళ్ళు ఎత్తలేదు కాబట్టి.

మాస్టారు ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి. అయినా నా వైపు తిరిగి తెలుగులో అన్నారు: "అడుగమ్మా. భాగస్వామ్యం అన్నారు కదా. ఒక భాగస్వామి లేచిపోయేటప్పుడు రెండోవాళ్ళకి ముందొక మాట చెప్పరా అని అడుగు."

నేను అడిగాను. ఆమె మెల్లగా, తమ విభాగమే మూసేస్తున్నారని, తన ఉద్యోగం కూడా ఈ నెలతో ఆఖరని, పాలెం వాళ్ళకి తన క్షమాపణ చెప్పమని అంది. ఢిల్లీ ఆయన అందరికీ థాంక్స్ చెప్పి మీటింగు ముగించాడు. తెర నల్లగా అయిపోయి మా ఇద్దరి మొహాలు అందులో కనపడ్డాయి.

"ఆ పిల్లని ఏమంటాం. ఆమెనే పంపేశారు" అన్నారు మాస్టారు.

పాలెం వెళ్ళి చెప్పాం. అక్క ఒకటే అడిగింది, "గది పట్టుకుపోతారా?" అని. లేదన్నాం. "అయితే ఏం, ఎండ ఆళ్ళది కాదుగా" అంది. నిజమే, గది అలానే నడిచింది, ఏటా వేసవిలో సర్కారు పెట్టే వేట నిషేధం వచ్చేదాకా. నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ కదిలాక కూడా కొన్ని వారాలు నడిచింది.

వర్షాకాలంలో ఒక వాయుగుండం వచ్చింది. తుఫాను కూడా కాదు, పేరు పెట్టేంత పెద్దది కాదు. రెండు మూడు రోజులు ఉప్పునీటి జల్లు అడ్డంగా కొట్టింది. మబ్బు తొలిగి ఎండ వచ్చింది కానీ యంత్రం కదలలేదు. అక్క నాకు ఫోన్ చేసింది. నేను కంపెనీకి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి చాలా మర్యాదగా, "మీ కాంట్రాక్టు ముగిసిందండి, కొత్త కాంట్రాక్టు ఢిల్లీ నుంచి రావాలండి" అంది. ఢిల్లీకి చేస్తే, ఆ ప్రాజెక్టు చూసే మనిషి ఇప్పుడు లేడన్నారు.

మాస్టారూ నేనూ రేపల్లె పాసింజరు ఎక్కి, అక్కణ్ణించి ఆటోలో పాలెం చేరేసరికి వాళ్ళు గొయ్యి తవ్వుతున్నారు. చల్లగది తలుపు బార్లా తెరిచి ఉంది. వాసన దూరం నుంచే తెలిసింది. వాయుగుండానికి ముందు వేట బాగా పడిందట. మంచి బేరం కోసం అందరూ లోపల దాచుకున్నారు. ట్రేలు ట్రేలుగా తెచ్చి గొయ్యిలో వంచుతున్నారు. పైన కాకులు గోల చేస్తున్నాయి. ఒక ముసలావిడ గొయ్యి అంచున కూర్చుని, పనికొస్తాయేమోనని పీతల్ని ఒక్కొక్కటే తీసి వాసన చూసి మళ్ళీ లోపల పడేస్తోంది.

మాస్టారు పంచె పైకి కట్టుకుని పార అందుకున్నారు. అక్క వచ్చి ఆయన చేతిలోంచి పార లాగేసుకుంది. గట్టిగా ఏమీ అనలేదు. "మీరు తవ్వకండి" అని మాత్రం అంది. ఆయన అక్కడే నిలబడిపోయారు. ఇసుక కప్పేదాకా అలాగే నిలబడ్డారు.

మరుసటి వారం అక్క, ఇంకా ఇద్దరు తెనాలి వచ్చారు. కింద ఎరువుల కొట్టులో కుర్రాడు వాళ్ళని చూసి, "చేపలు కొనరమ్మా ఇక్కడ" అన్నాడు. అక్క వినిపించుకోకుండా మెట్లెక్కింది. మ్యాపు ఉన్న గదిలో కుర్చీల మీద వరసగా కూర్చున్నారు. వాళ్ళు మా ఆఫీసుకి రావడం అదే మొదటిసారి.

"ఆగిపోతే మిమ్మల్నే అడగమన్నారు. అడగడానికొచ్చాం" అంది అక్క.

అందులో వెటకారం లేదు. అదే నాకు కష్టమైంది. ఆవిడ నిజంగానే అడగడానికి వచ్చింది. పెద్ద ఒప్పందంలో మాకిచ్చిన చోటు ఏమిటో ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైంది. అవతల తలుపులన్నీ మూసుకున్నాక జనం వచ్చి తట్టే తలుపు మాది. లోపల మా దగ్గర ఏమీ లేదు.

మాస్టారు వాళ్ళకి కాఫీ తెప్పించి, అందర్నీ తీసుకుని బాపట్ల బయల్దేరారు. అక్కడ మత్స్యశాఖ ఆఫీసులో ఈ పనులు చూసే అధికారి ఒకప్పుడు ఆయన క్లాసులో కూర్చున్న శిష్యుడే. మాస్టార్ని చూడగానే లేచి నిలబడ్డాడు. తన కుర్చీ జరిపి ఇచ్చాడు. ఓపిగ్గా అంతా విన్నాడు. పాత ఫైళ్ళు తెప్పించి చూశాడు.

"మాస్టారూ, మీకు అబద్ధం చెప్పలేను. ఆ గదిని మాకు అప్పగించినట్టు ఎక్కడా లేదండి. అది మా లెక్కలో లేదు. లేనిదాన్ని నేను బాగుచేయించలేను."

"మరి ఎవరి లెక్కలో ఉందయ్యా?"

"వాళ్ళు మీ సంస్థలకే ఇచ్చారు కదండీ."

"మేం అది వీళ్ళకి ఇచ్చాం."

"అదేనండి" అన్నాడు అధికారి. కొంచెం ఇబ్బందిగా అక్క వైపు చూసి, "ఇంకో స్కీము ఏదైనా వస్తే మీ పాలెం పేరు నేనే రాస్తానమ్మా" అన్నాడు. రాసే మనిషిలాగే ఉన్నాడు. తర్వాత బదిలీ అయిపోయాడని విన్నాను.

బయట మెట్ల దగ్గర మాస్టారు ఆగి, అక్కకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. ఆవిడ గాభరాపడి ఆయన చేతులు పట్టుకుని దించేసింది. "మీరు మాకు దండం పెట్టడమేంటి మాస్టారూ. మాకు మంచిది కాదు" అంది. కలిసి బస్టాండు దాకా నడిచాం. దారిలో ఆవిడ మాస్టారికి గొడుగు పట్టింది.

ఆయన వదిలిపెట్టలేదు. పాత శిష్యుల్ని పట్టుకున్నారు, రేపల్లెలో ఫ్రిజ్‌లు బాగుచేసే అతన్ని పాలెం తీసుకెళ్ళారు. అతను లోపల ఏదో మార్చి నడిపించాడు కూడా. ఆడవాళ్ళు నమ్మకం లేకుండా కొంచెం కొంచెం సరుకు పెట్టడం మొదలుపెట్టారు. దీపావళి ముందు మళ్ళీ ఆగింది. లోపలి భాగం ఒకటి ఇక్కడ దొరకదని, ఆ చలిదేశం నుంచే రావాలని అతను తేల్చేశాడు. నేను ఆ అధికారిణికి సొంతంగా మెసేజ్ పెట్టాను. చాలా రోజులకి జవాబు వచ్చింది. తను ఇప్పుడు ఒక బడిలో పాఠాలు చెబుతోందట. యంత్రం చేసిన వాళ్ళని కనుక్కుంటానంది. ఆ తర్వాత మా ఇద్దరిలో ఎవరూ ఏమీ రాయలేదు.

అప్పుడు అక్క నన్ను వెంటబెట్టుకుని రేపల్లెలో ఐసు బండి అతని దగ్గరికి వెళ్ళింది. తనకి వెళ్ళడం ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. అతను షెడ్డు ముందు నులకమంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. లేచి కుర్చీ వేశాడు. అరవలేదు, దెప్పలేదు.

"నీ మీద నాకు కోపమేం లేదు వదినా. బండి రూటు మారిపోయింది. మీ వైపు సరుకు లేదని అటు కృష్ణ అవతల ఒప్పుకున్నాను. ఇప్పుడు అటు మానుకుని ఇటు రాలేను."

"వారానికి రెండు సార్లైనా?"

"రాలేను వదినా."

అక్క టీ తాగలేదు. స్టేషన్ దాకా నడిచి, నన్ను రైలెక్కించి, ఆవిడ బస్సుకి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే వెనక్కి తిరగకుండా, చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ పోతోంది.

మా సంస్థ కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. ఢిల్లీలో పెద్ద సంస్థ మూతపడింది, అది పోతే దాని కింద చిన్నవి ఉండవు. గదులు ఖాళీ చేసిన రోజు మాస్టారూ నేనూ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి కిందికి దించాం. మ్యాపు తీస్తుంటే గోడ సున్నం పెచ్చుగా ఊడి వచ్చింది. "నువ్వు తీసుకో అమ్మా" అన్నారు. నేను తీసుకోలేదు. ఆయనా తీసుకోలేదు. ఎరువుల కొట్టు వాళ్ళు దాన్ని ఏం చేశారో తెలీదు. ఆయన బాపట్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. మోకాళ్ళు పనిచెయ్యడం లేదు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తే మందుల గురించీ, వరి ధర గురించీ మాట్లాడతారు. పాలెం మాట నేను ఎత్తితే, "ఊఁ" అని వింటారు. తను ఎత్తరు.

ఈ మధ్య ఇంకో ఫోను వచ్చింది. కొత్త సంస్థ, కొత్త దేశం, విశాఖపట్నంలో సమావేశం. ఇంధన మార్పులో మహిళల గొంతు అన్నది విషయం. అక్క పేరు ఏదో పాత నివేదికలో చూశారట. ఆవిణ్ణి తీసుకురాగలరా, మీరే అనువాదం చేస్తారా అని అడిగారు. అడిగిన అమ్మాయి గొంతులో ఎంతో ఉత్సాహం ఉంది. కాదనలేక పాలెం వెళ్ళాను.

చాలా నెలల తర్వాత వెళ్ళడం. చల్లగదిలో వలలు, థర్మోకోల్ డబ్బాలు పెట్టుకుంటున్నారు. కప్పు మీద పలకల్లో ఒకటి గాలికి లేచి విరిగింది. మిగతావాటి మీద రెట్టలు. అక్క అప్పుడే పని నుంచి వచ్చింది. నిజాంపట్నం వైపు రొయ్యలు వలిచే షెడ్డుకి ఇప్పుడు పాలెం ఆడవాళ్ళు చాలామంది వెళ్తున్నారు. తెల్లారగట్ల వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది. వేలంపాట లేదు, బేరం లేదు. నిలబడి, ఐసునీళ్ళలో చేతులు పెట్టి, తలలు తుంచి పడెయ్యడమే.

నేను వచ్చిన పని చెప్పాను. ఆవిడ కాళ్ళు కడుక్కుంటూ వింది.

"ఏం చెప్పాల నేను? బాగుందని చెప్పాలా, పాడైందని చెప్పాలా?"

"ఏది జరిగితే అదే చెబుదాం అక్కా."

"జరిగింది చెబితే గది నడుస్తదా?"

నేను లేదన్నాను.

"అయితే ఒకరోజు పని పోగొట్టుకుని నేనెందుకు రావాల? నువ్వే చెప్పు. నువ్వు చూశావుగా అంతా."

"వాళ్ళకి నేను కాదు, నువ్వు కావాలట."

"నేను రానన్నానని చెప్పు" అంది. కోపం లేదు. అలిసిపోయి ఉంది, అంతే. కోపం వస్తే బాగుండునని నాకు అనిపించింది.

అన్నం పెట్టింది. వడ్డిస్తుంటే చేతులు చూశాను. వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. గోళ్ళ పక్కన రొయ్య ముళ్ళు గుచ్చుకున్న చోట్ల చీము. ఆవిడ ముద్ద కలుపుకోలేక చెంచాతో తింటోంది.

"ఏంటక్కా ఇది? డాక్టరుకి చూపించలేదా?"

"అందరికీ ఇంతే. గ్లౌజులు ఇస్తారుగాని ఏసుకుంటే చెయ్యి తిరగదు. ఉప్పు తగిలితే మండుద్ది, అంతే." "తెనాల్లో ఏదన్నా మంచి ఆయింట్‌మెంట్ దొరికితే ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా" అంది.

విశాఖపట్నం వాళ్ళకి ఆవిడ రాదని చెప్పాను. నన్నైనా రమ్మన్నారు. నాకు వీలుకాదన్నాను. సమావేశం బాగానే జరిగిందట, ఫొటోలు పంపారు.

తెనాలిలో మా వీధి చివర మందుల షాపతన్ని అడిగాను. వేళ్ళు ఎలా ఉన్నాయో చెబితే ఒక ట్యూబు ఇచ్చి, "చేతులు తడవకుండా చూసుకోమనండి మేడమ్, లేకపోతే తగ్గదు" అన్నాడు. సరేనన్నాను. మూడో నాలుగో తీసుకుని, తర్వాతి ఆదివారం రేపల్లె పాసింజరు ఎక్కాను.

ఆదివారం కదా, ఇంట్లో ఉంటుందనుకున్నాను. ఆ రోజు కూడా వ్యాను వచ్చిందట, ఎక్కువ సరుకు దిగిందని అందర్నీ తీసుకెళ్ళారట. కోడలు గుమ్మంలో పిల్లాడికి నీళ్ళు పోస్తోంది. ట్యూబులు ఆమె చేతికిచ్చి, పొద్దున, సాయంత్రం రాసుకోమని చెప్పమన్నాను.

"తడవకూడదా అండి?" అని అడిగింది ఆ అమ్మాయి, డబ్బా మీద రాసింది చదువుతూ.

"తడవకపోతే త్వరగా తగ్గుద్దట" అన్నాను.

ఆమె తల ఊపి ట్యూబులు గూట్లో పెట్టింది. కూర్చోమంది. సాయంత్రం రైలు పోతుందని చెప్పి బయల్దేరాను. రోడ్డు మీద ఆటో కోసం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. సముద్రం మీంచి గాలి వస్తోంది, చెమట ఆరడం లేదు. ఎదురుగా షెడ్డు వ్యాను ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. లోపల ఆడవాళ్ళు కిక్కిరిసి నిలబడి ఉన్నారు. అందులో అక్క ఉందో లేదో కనపడలేదు.